తాతగారి ఫ్రేములో జపాన్ అజంతా: అసలుదేనా, శుభ్రం చేయించవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ తాతగారు నిజాం సర్కారులో ఔరంగాబాద్ వైపు ఉద్యోగం చేశారు. ఆయన గదిలో ఉండే పాత ఫ్రేములో, రాతిలో తొలిచిన గుహాలయం బొమ్మ ఉంది. ఎడమ పక్కన జపనీస్ అక్షరాలున్నాయి. కింద అంచులో పెన్సిల్‌తో ఇంగ్లీషులో అజంతా అనీ, హిరోషి యోషిదా అనీ రాసి ఉంది. ఆ చిత్రకారుడు గుహలు చూడటానికి వచ్చినప్పుడు తాతగారి చేతికి స్వయంగా ఇచ్చాడని ఇంట్లో చెబుతారు. బొమ్మ మీద నంబరు లేదు. కాగితం పసుపెక్కింది, గోధుమరంగు చుక్కలు వచ్చాయి. ఇది అసలుదేనా? జపాన్ వాళ్ళకు అజంతాతో ఏం పని? శుభ్రం చేయించవచ్చా? అమ్మితే ఎంత వస్తుంది?

ముందు జవాబు. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది అసలైన చెక్క అచ్చు బొమ్మే అయ్యే అవకాశం బాగా ఉంది. కానీ పెన్సిల్ సంతకం ఒక్కటి చూసి ఖాయం చేయకూడదు. ఎడమ అంచులో 'జిజురి' (చిత్రకారుడి కళ్ళ ముందే అచ్చు వేసినదని తెలిపేది) అనే చిన్న ముద్ర ఉందో లేదో చూడాలి, కాగితాన్ని వెనక నుంచి కూడా చూడాలి. అందుకు ఫ్రేములోంచి తీయక తప్పదు. తీసినవాళ్ళు ఎవరైనా సరే దాన్ని తడి చేయకూడదు, తుడవకూడదు, అంచులు కత్తిరించకూడదు. ఇక తాతగారి కథలో గుహల దగ్గర చేతికిచ్చాడన్న భాగం మాత్రం కుదరదు.

నేను హైదరాబాద్‌లో పాత కాగితాలు, పటాలు, కాగితం మీది బొమ్మలు బాగుచేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. జపాన్ అచ్చు బొమ్మలు రోజూ వచ్చేవి కావు. వచ్చినవాటిలో యోషిదావే ఎక్కువ. ఎక్కువగా తాజ్‌మహల్, అప్పుడప్పుడు కాశీ ఘాట్లు. అజంతా అరుదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

తాతగారి కథతో మొదలుపెడతాను, ఎందుకంటే అమ్మే ఉద్దేశం ఉంటే ముందు తేలాల్సింది అదే.

హిరోషి యోషిదా 1876లో జపాన్ దక్షిణాన ఉన్న కురుమేలో పుట్టాడు, 1950లో పోయాడు. 1930 చివర్లో పెద్దకొడుకు తోషిని వెంటబెట్టుకుని ఆగ్నేయాసియా, భారతదేశం ప్రయాణం పెట్టుకున్నాడు. తోషికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. కలకత్తా, డార్జిలింగ్, కాశీ, ఆగ్రా, ఢిల్లీ, అమృత్‌సర్, లాహోర్, ఉదయపూర్, అజంతా, మదురై, ఇలా తిరిగి 1931లో ఇంటికి చేరాడు. దారి పొడవునా వేసినవి స్కెచ్‌లు, నీటిరంగు బొమ్మలు. అచ్చు దిమ్మెలు చెక్కించడం, అచ్చు వేయించడం అంతా టోక్యో వెళ్ళాక 1931, 1932 సంవత్సరాల్లో జరిగింది. 'భారతదేశం, ఆగ్నేయాసియా' పేరుతో 32 బొమ్మల వరస అది. మీ అజంతా అందులోదే.

అంటే ఆయన అజంతాలో ఉన్న రోజుకి ఈ బొమ్మ పుట్టనే లేదు. చేతికి ఎలా ఇస్తాడు?

అలాగని కథంతా కల్పితమని నేను అనడం లేదు. అప్పట్లో అజంతా, ఎల్లోరా రెండూ హైదరాబాద్ సంస్థానంలో ఉండేవి. 1914లో మొదలైన నిజాం పురావస్తు శాఖను గులాం యజ్దానీ నడిపించేవాడు. 1920 నుంచి 1922 మధ్య ఇటలీ నుంచి ఇద్దరు నిపుణులను పిలిపించి, రాలిపోతున్న గోడ చిత్రాలను నిలబెట్టించాడు. అజంతా మీద యజ్దానీ రాసిన పెద్ద గ్రంథంలో మొదటి భాగం సరిగ్గా 1930లోనే వచ్చింది. అప్పటికి గుహలకు రోడ్డు, కాపలా, ఫర్దాపూర్‌లో బస అన్నీ నిజాం సర్కారు చూసుకునేవే. మీ తాతగారి ఉద్యోగం ఆ పక్కనే అయితే ఆయన యోషిదాను చూసి ఉండవచ్చు, మాట సాయం చేసి ఉండవచ్చు. తర్వాత టోక్యో నుంచి పోస్టులో బొమ్మ వచ్చి ఉండవచ్చు. లేదా ఎవరో జపాన్ వెళ్ళి కొని తెచ్చి ఉండవచ్చు. ఏది జరిగిందో చెప్పగలిగేది కాగితమే. తాతగారి పాత పెట్టెల్లో విదేశీ స్టాంపు ఉన్న కవరు, ఉత్తరం, డైరీ, రసీదు ఏదైనా ఉందేమో వెతకండి. ఫ్రేము వెనక అట్ట మీద కూడా చూడండి. ఫ్రేము కట్టిన దుకాణం చీటీ, ఊరు పేరు, తేదీ ఒక్కోసారి అక్కడ దొరుకుతాయి. ఆ చీటీ పాతదే అయితే దాన్ని పారేయకండి.

కొనేవాడు ఇంట్లో చెప్పుకునే మాటకు డబ్బివ్వడు. పైగా తేదీ కుదరని కథ చెబితే మిగతా నిజాలను కూడా అనుమానిస్తాడు. "తాతగారు 1930ల్లో ఔరంగాబాద్‌లో పనిచేశారు, బొమ్మ అప్పటి నుంచి ఇంట్లోనే ఉంది" అని ఊరుకుంటే చాలు. అదే మంచి చరిత్ర.

ఇక జపాన్ వాళ్ళకు అజంతాతో ఏం పని అన్నారు. చాలా పాత సంబంధం ఉంది, యోషిదా దానికి ఆద్యుడు కూడా కాడు. జపాన్‌లో నారా దగ్గర హోర్యూజీ అనే బౌద్ధాలయం ఉంది. అందులోని గోడ చిత్రాల్లో బోధిసత్వుల రూపం, కనురెప్పల వంపు, నిలబడిన తీరు అజంతా మొదటి గుహలోని పద్మపాణిని గుర్తుచేసేవి, 1949 మంటల్లో అవి బాగా దెబ్బతిన్నాయి. జపాన్ పండితులు, చిత్రకారులు ఆ పోలిక పట్టుకునే ఇక్కడికి వచ్చారు. 1916లో రవీంద్రనాథ్ ఠాగూర్ పిలిస్తే అరాయ్ కాంపో అనే చిత్రకారుడు కలకత్తా వచ్చి పాఠాలు చెప్పాడు. తర్వాత అజంతాలో కూర్చుని గోడ చిత్రాలకు నకళ్ళు తీశాడు. ఆ నకళ్ళు టోక్యో చేరి, 1923 సెప్టెంబర్ భూకంపంలో కాలిపోయాయి.

అజంతా నకళ్ళకు నిప్పు గండం అంతకు ముందు నుంచీ ఉంది. రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి ఏళ్ళ తరబడి గీసినవాటిలో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూల్ విద్యార్థులతో జాన్ గ్రిఫిత్స్ గీయించినవాటిలో ఎన్నో 1885లో లండన్‌లోనే మరో అగ్నిప్రమాదంలో పోయాయి. మూడో విడతలో, 1909 నుంచి 1911 వరకు లేడీ హెరింగ్‌హామ్ తీసిన నకళ్ళు బతికాయి. ఆ పనిలో నందలాల్ బోస్‌తో పాటు హైదరాబాద్ నుంచి వెళ్ళిన సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ కూడా ఉన్నారు. మీరు హైదరాబాద్‌లో ఉంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా గ్యాలరీ చూడండి. గోడ చిత్రాల నకళ్ళు అక్కడున్నాయి. యోషిదా చేసిన పనికీ నకలు తీయడానికీ తేడా ఏమిటో అవి చూస్తే తెలుస్తుంది. నకలు తీసేవాడికి గోడ మీది బొమ్మ ముఖ్యం. యోషిదాకు ఆ చోటు ముఖ్యం. రాయి మీద వెలుతురు ఎక్కడ ఆగిపోయింది, నీడ ఏ రంగులో ఉంది, అక్కడ నిలబడ్డ మనిషి రాతి ముందు ఎంత చిన్నగా ఉన్నాడు, ఆయన చూపంతా వీటి మీదే.

ఆ 1923 భూకంపానికి మీ బొమ్మకు ఇంకో లింకు ఉంది. అప్పటిదాకా యోషిదా అచ్చు బొమ్మలు వతనబె షోజబురో అనే ప్రచురణకర్త వేసేవాడు. జపాన్‌లో పాత పద్ధతి అది: చిత్రకారుడు గీసి ఇస్తే, చెక్కేవాళ్ళను, అచ్చు వేసేవాళ్ళను పెట్టి పని చేయించేది ప్రచురణకర్త. వతనబె దుకాణం కాలిపోయి యోషిదా దిమ్మెలు, బొమ్మలు బూడిదయ్యాయి. ఆ తర్వాత ఆయన అమెరికా, యూరప్ తిరిగి వచ్చి 1925లో సొంత వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. చెక్కేవాళ్ళూ అచ్చు వేసేవాళ్ళూ తన జీతగాళ్ళే, పక్కన నిలబడి చేయించేదీ తనే. అలా తన కళ్ళ ముందు వచ్చిన బొమ్మకు అంచులో ఒక ముద్ర వేయడం మొదలుపెట్టాడు. అదే జిజురి, 'స్వయంగా అచ్చు వేసినది' అని.

ఇక అసలు పరీక్షకు వద్దాం.

పెడన, మచిలీపట్నం కలంకారీ చూసినవాళ్ళకు చెక్క అచ్చు కొత్త కాదు. అక్కడ టేకు అచ్చును రంగులో ముంచి బట్ట మీద అద్దుతారు. జపాన్‌లో వరస తిరగబడుతుంది. చెర్రీ చెక్క దిమ్మె బల్ల మీద కదలకుండా ఉంటుంది, దాని మీద నీటిరంగు, కాస్త బియ్యప్పిండి జిగురు బ్రష్‌తో పూసి, తడి కాగితాన్ని మీద పరిచి, వెనక నుంచి బారెన్ అనే గుండ్రటి దిండుతో గట్టిగా రుద్దుతారు. రంగు కాగితం పైన నిలవకుండా నారలోకి దిగుతుంది. ఒక్కో రంగుకు, ఒక్కో ఛాయకు మళ్ళీ మళ్ళీ అదే పని. మామూలు పాత జపాన్ బొమ్మకు పది పన్నెండు అద్దకాలు సరిపోతే, యోషిదా బొమ్మలకు ముప్పై నలభై మామూలే. 1937లో వేసిన నిక్కో యోమెయ్ ద్వారం బొమ్మకు తొంభై దాటాయి.

రాతి బొమ్మలో ఈ అద్దకాలే ప్రాణం. నల్ల గీతలు గీసి మధ్యలో బూడిదరంగు నింపితే రాయి రాదు, అట్టముక్క వస్తుంది. యోషిదా ముందు బూడిదరంగు ఛాయలు పొరలు పొరలుగా వేయించి, వాటి మీద అసలు రంగులు పలుచగా వేయించేవాడు. అందువల్ల నీడలో కూడా రంగు కనబడుతుంది. జిగురు, రంగు తగ్గించి రుద్దితే చుక్కలు చుక్కలుగా గరుకు వస్తుంది, జపాన్ అచ్చుపనివాళ్ళు దాన్ని నువ్వుల అద్దకం అంటారు. ఉలి దెబ్బలున్న గోడకు ఇంతకంటే మంచి ఉపాయం లేదు. ఆయన మొదట నూనెరంగులు, నీటిరంగులు నేర్చిన మనిషి, అచ్చులోకి నలభై దాటాక వచ్చాడు. గీతలతో కాకుండా వెలుగునీడలతో ఆలోచించడం అక్కడి నుంచే వచ్చింది. మరో తమాషా: అజంతా పంతొమ్మిది, ఇరవై ఆరో గుహల్లో పైకప్పుకు కనబడే దూలాల వరస అంతా రాయే, చెక్క కట్టడాన్ని చూసి చెక్కింది. మన ఏలూరు జిల్లా గుంటుపల్లి గుండ్రటి చైత్యంలో కూడా అంతే. చెక్కను అనుకరించిన రాయిని మళ్ళీ చెక్కతో అచ్చు వేశాడన్నమాట.

ఈ పని తీరు తెలిస్తే అసలు, నకిలీ తేల్చడం సగం అయినట్టే. మొదట భూతద్దం. పదింతలు పెద్దగా చూపించేది స్టాంపుల దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతుంది. నీడ ఉన్న చోట పెట్టి చూడండి. ఒక వరసలో రంగురంగుల సన్నటి చుక్కలు కనబడితే అది ఆఫ్‌సెట్ ప్రింటు, క్యాలెండర్ లేదా పుస్తకంలోంచి తీసింది. ఇక ముందుకు వెళ్ళక్కర్లేదు. చుక్కలు లేకుండా రంగు నేరుగా నారల్లోకి దిగి, అక్కడక్కడ చెక్క ఈనెల గీతలు కనబడితే మంచి గుర్తు. పైన చెప్పిన నువ్వుల అద్దకాన్ని చూసి కంగారు పడకండి. అది క్రమం లేని గరుకు, ఆఫ్‌సెట్ చుక్కలు గళ్ళ కాగితంలా క్రమంగా ఉంటాయి.

తర్వాత వెనక వైపు. అసలు అచ్చులో బొమ్మ వెనక నుంచి మసకగా తెలుస్తుంది, బారెన్ తిప్పిన గుండ్రటి జాడలు కనబడతాయి. గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చిని కాగితానికి పక్క నుంచి పెట్టి చూస్తే అచ్చు అంచుల దగ్గర చిన్న ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఇంక్‌జెట్ నకలు ఎంత మంచిదైనా వెనక తెల్లగా, చదునుగా ఉంటుంది.

ఆపైన ఎడమ అంచు. ఈ వరసలో సాధారణంగా పై భాగంలో జిజురి ముద్ర, దాని కింద నిలువుగా జపనీస్‌లో బొమ్మ పేరు, సంవత్సరం ఉంటాయి. సంవత్సరం జపాన్ చక్రవర్తి లెక్కలో ఉంటుంది: షోవా ఆరు అంటే 1931, షోవా ఏడు అంటే 1932. ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టి చూస్తే అంకెల వరకైనా చదువుతుంది. పాత ఫ్రేముల్లో ఈ అంచు మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే కిటికీ కోసిన అట్ట) కింద దాక్కుని ఉంటుంది, అందుకే చాలామంది ముద్ర లేదనుకుని బెంగపడతారు.

పెన్సిల్ సంతకం గురించి కాస్త జాగ్రత్త. బతికుండగా అమ్మినవాటిలో, ముఖ్యంగా విదేశీయుల కోసం వేసినవాటిలో, అంచులో ఆయన పెన్సిల్‌తో ఇంగ్లీషు సంతకం చేసేవాడు. బొమ్మ లోపల ఒక మూల బ్రష్‌తో చేసిన జపనీస్ సంతకం, ఎర్ర ముద్ర వేరే ఉంటాయి. 1950లో ఆయన పోయాక కుటుంబం అవే దిమ్మెలతో మళ్ళీ అచ్చులు వేసింది. వాటికి జిజురి ఉండదు, కింద సంతకం పెన్సిల్‌లాగే కనబడే స్టాంపు. తేడా తెలియాలంటే వాలుగా వెలుతురు పెట్టండి. నిజమైన పెన్సిల్ మెరుస్తుంది, కాగితం సన్నగా నొక్కుకుపోయి ఉంటుంది, గీత ఒకచోట ఒత్తుగా ఒకచోట పలుచగా ఉంటుంది. స్టాంపు అంతటా ఒకేలా, మెరుపు లేకుండా ఉంటుంది. తర్వాత వేసినవి నకిలీలు కావు. దిమ్మెలు అవే. కానీ ధరలో తేడా చాలా ఎక్కువ. న్యూజెర్సీలో ఉండే ఒకాయన ఆన్‌లైన్ వేలంలో కొన్న బొమ్మను సెలవులకు వచ్చినప్పుడు నాకు చూపించారు. మొదటి అచ్చు ధర పెట్టారు, అంచు చూస్తే ముద్ర లేదు, సంతకం స్టాంపు. అమ్మినవాళ్ళు అంచు కనబడని ఫొటో పెట్టారు, ఈయన అడగలేదు.

జిజురి లేనంత మాత్రాన ఆయన బతికున్నప్పటిది కాదని తేల్చేయలేం, జపాన్ లోపల అమ్మిన కొన్నిటికి పెన్సిల్ సంతకం కూడా ఉండదు. కానీ రెండూ ఉన్న బొమ్మకు ఇంకో వాదన అక్కర్లేదు. నంబరు లేకపోవడం గురించి అసలు టెన్షన్ పడకండి. ఒకటి బై యాభై అని రాసే అలవాటు ఆయనకు, కొన్ని పెద్ద బొమ్మలను మినహాయిస్తే, లేదు. నిజానికి మీ బొమ్మ మీద అలాంటి నంబరు ఉంటేనే నేను అనుమానించేవాణ్ణి.

కొలత కూడా చూడండి. ఈ వరసలో ఎక్కువ బొమ్మల కాగితం సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 27 సెంటీమీటర్ల వెడల్పు. బాగా తక్కువుంటే అంచులు ఎవరో కత్తిరించారని అర్థం. ఇంకోటి, భారతదేశాన్ని జపాన్ అచ్చులో వేసింది ఈయనొక్కడే కాదు. ఇంగ్లీషువాడు చార్లెస్ బార్ట్‌లెట్ బొమ్మలను వతనబె 1916లోనే వేశాడు. ఫ్రేము వెనక పాత చీటీ మీద పేరు వేరే ఉంటే కంగారు పడి కొట్టివేయకండి, ఫొటో తీసి ఉంచండి.

ఇక కాగితం పరిస్థితి. నా పని ఇదే కాబట్టి ఇక్కడ మొహమాటం లేకుండా చెబుతాను.

గోధుమరంగు చుక్కలు తేమ వల్ల, బూజు వల్ల వస్తాయి. బొమ్మ చుట్టూ గోధుమరంగు పట్టీలా కనబడితే అది మౌంట్ అట్టలోని ఆమ్లం కాగితాన్ని కాల్చిన గుర్తు. మన దగ్గర పాత ఫ్రేములన్నీ ఇదే తంతు: నాసిరకం అట్ట మౌంట్, వెనక హార్డ్‌బోర్డు, చుట్టూ గోధుమరంగు టేపు, బొమ్మ అద్దానికి అంటుకుని. విశాఖ, కాకినాడ లాంటి చోట వానాకాలంలో బయటి గోడకు తగిలిస్తే అద్దం లోపలే చెమ్మ పడుతుంది, రంగు అద్దానికి అతుక్కుంటుంది. అద్దానికి అతుక్కుని ఉంటే మాత్రం మీరు లాగకండి. ఫ్రేమంతా కలిపి నిపుణుల దగ్గరకు తీసుకెళ్ళండి.

శుభ్రం చేయించవచ్చా అంటే, చేయించవచ్చు, కానీ వీధి చివరి ఫ్రేము దుకాణంలో కాదు. ఈ కాగితానికి పటిక కలిపిన జంతు జిగురు పూత ఉంటుంది, రంగులు నీటిరంగులు. తడిగుడ్డ పెట్టి తుడిస్తే చుక్కలు పోవు, రంగు పోతుంది. బ్లీచింగ్ చేసి తెల్లగా చేస్తామనేవాళ్ళూ ఉన్నారు. ఏడాది రెండేళ్ళు మెరిసి, తర్వాత కాగితం పొడిపొడిగా రాలుతుంది. విజయవాడ నుంచి ఒక కుటుంబం తెచ్చిన తాజ్‌మహల్‌ను, పాడవకూడదని పాపం, ఎవరో లామినేషన్ చేయించారు. దాన్ని ఇక ఎవరూ ఏమీ చేయలేరు. మరొకరి బొమ్మకు, కొత్త ఫ్రేము చిన్నదైందని దుకాణంలో ఎడమ అంచు కోసేశారు. బొమ్మ చక్కగా ఉంది, రంగులు తాజాగా ఉన్నాయి, ముద్ర మాత్రం చెత్తబుట్టలోకి వెళ్ళింది. మీ బొమ్మ మీద చుక్కలు ముఖ్యమైన చోట లేకపోతే నేనైతే వాటిని ముట్టుకోను. ఆమ్లం ఉన్న అట్టలు తీసేసి, పొడిగా దుమ్ము దులిపి, కొత్త మౌంట్ వేస్తే సగం ప్రమాదం ఆగిపోతుంది.

కొత్త ఫ్రేముకు దుకాణంలో ఈ మాటలు చెప్పండి: మౌంట్, వెనక అట్ట రెండూ నూలు గుజ్జుతో చేసిన, ఆమ్లం లేని బోర్డు కావాలి, దాన్ని మ్యూజియం బోర్డు అంటారు. బొమ్మను పైన రెండు చోట్ల మాత్రమే, పలుచటి జపాన్ కాగితం పట్టీలతో, గోధుమ గంజితో తగిలించాలి. సెల్లోటేప్, తెల్ల జిగురు, రెండు వైపులా అంటుకునే టేపు ఏవీ వద్దు. అద్దానికి బొమ్మకు మధ్య ఖాళీ ఉండాలి. అంచులు పూర్తిగా కనబడేలా మౌంట్ కిటికీ పెద్దదిగా కోయమనండి. డబ్బు పెట్టగలిగితే యూవీ ఆపే అద్దం. అది కూడా ఎండను పూర్తిగా ఆపదు, కాబట్టి కిటికీ ఎదురు గోడ, ఫోకస్ లైటు, వంటింటి పక్క గోడ వద్దు. ఏసీ రాత్రి వేసి పగలు ఆపే గది కంటే మామూలుగా గాలి ఆడే లోపలి గోడే మేలు. సిల్వర్ ఫిష్ పురుగులకు గంజి, జిగురు ఇష్టం. నాఫ్తలిన్ ఉండలు ఫ్రేము లోపల పెట్టకండి, ఆర్నెల్లకోసారి దించి వెనక చూస్తే చాలు.

ధర. నేను వెలకట్టేవాణ్ణి కాదు, చూసినంత చెబుతాను. ఈ వరసలో అందరూ ఎగబడేది తాజ్‌మహల్ రాత్రి, మంచు తెల్లవారు బొమ్మల కోసం. అజంతాకు అంత గిరాకీ ఉండదు, కానీ దొరకడం తక్కువ. జిజురి, పెన్సిల్ సంతకం, పూర్తి అంచులు, వెలవని రంగులు ఉన్న బొమ్మకు విదేశీ వేలాల్లో వందల డాలర్ల పైభాగం నుంచి వేల డాలర్లలోకి వెళ్ళే అవకాశం ఉంటుంది. చుక్కలు, మౌంట్ మచ్చ ఉంటే సగానికి సగం పడిపోవడం మామూలే. డయానా కెన్సింగ్టన్ ప్యాలెస్ గదిలో యోషిదా బొమ్మ వేలాడదీసిందన్న మాట అమ్మేవాళ్ళందరూ చెబుతారు. నిజమే, కానీ అది మీ బొమ్మ ధర పెంచదు. కొంటామని వచ్చే మొదటి మనిషికి, ముఖ్యంగా "ఫ్రేముతో సహా ఇచ్చేయండి, చూడక్కర్లేదు" అనే మనిషికి, ఇవ్వకండి.

విదేశంలో అమ్మాలంటే చట్టం సంగతి గుర్తుంచుకోండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన కళావస్తువు పురావస్తువు అవుతుంది, వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. బొమ్మ మీద షోవా ఆరు ఉంటే 2031తో, ఏడు ఉంటే 2032తో నూరేళ్ళు నిండుతాయి. ఇప్పుడు ఆ గీత దాటలేదు. అయినా పంపే ముందు పురావస్తు శాఖ నుంచి ఇది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకుంటే కస్టమ్స్‌లో తలనొప్పి ఉండదు. ఉంచుకునే ఉద్దేశమైతే ఇవేమీ అక్కర్లేదు.

ఫ్రేము విప్పాక ఈ ఫొటోలు ఇక్కడ పెట్టండి: ఎడమ అంచు పైనుంచి కింది దాకా ఒకటి, పెన్సిల్ సంతకం పక్క వెలుతురులో ఒకటి, బొమ్మ లోపలి ఎర్ర ముద్ర, వెనక వైపు మొత్తం, ఇంకా పాత అట్ట మీద ఏ చీటీ ఉన్నా అది. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పగటి వెలుతురు చాలు. చేతులు కడుక్కుని బాగా ఆరాక రెండు చేతులతో ఎదురెదురు మూలలు పట్టుకుని ఎత్తండి. సంతకం కనబడాలని జపనీస్ అక్షరాల వైపు కట్ చేసి పంపకండి, నాకు కావలసింది ఆ వైపే.